ఆ పెద్దాయన తల ఎత్తలేదు: జ్యూరీ గదిలో నా అనుభవం

జ్యూరీకి రమ్మని సమన్లు ఫిబ్రవరిలో వచ్చాయి. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన వాళ్ళందరికీ ఏదో ఒక రోజు పోస్టులో వచ్చే కాగితమే అది. ఓటర్ల జాబితా నుంచీ డ్రైవింగ్ లైసెన్సుల జాబితా నుంచీ పేర్లు తీసి పంపిస్తారు. "ఆఫీసులో పనుందనో, ఇంగ్లిష్ సరిగ్గా రాదనో రాసెయ్, వదిలేస్తారు" అని ఇద్దరు ముగ్గురు స్నేహితులు సలహా ఇచ్చారు. నాకు మనసొప్పలేదు. ఇద్దరి గొడవలో ఎవరిది నిజమో తేల్చమని పన్నెండు మంది మామూలు మనుషుల్ని పిలవడం నాకు చాలా పెద్ద విషయంగా అనిపించింది. మా ఊళ్ళో ఆ పని మా తాత చేసేవాడు.

కేసు ముగిశాక దాని గురించి ఎవరితోనైనా మాట్లాడుకోవచ్చని జడ్జిగారే చెప్పి పంపించారు. అయినా అందులోని మనుషుల్ని ఎవరూ గుర్తుపట్టకూడదని కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను. కాలిఫోర్నియాలో మా కౌంటీ కోర్టు అని మాత్రం చెప్తాను.

మొదటి రోజు యాభై మందికి పైగా వచ్చాం. ఎంపిక మధ్యాహ్నం దాకా సాగింది. ఏం పని చేస్తారు, ఎప్పుడైనా ఎవరికైనా అప్పు ఇచ్చి పోగొట్టుకున్నారా, లాయర్లంటే కోపం ఉందా, ఇలాంటి ప్రశ్నలు. నన్ను అడిగిన వాటిలో ఒకటి బాగా గుర్తుంది. "సాక్షి పంజాబీలో మాట్లాడతారు, దుబాసీ ఇంగ్లిష్‌లోకి చెప్తారు. మీకు పంజాబీ వచ్చా?" రాదన్నాను. హిందీ కొంచెం అర్థమవుతుందని, నా భాష తెలుగు అని చెప్పాను. "మీకు వేరేలా అర్థమైనా సరే, దుబాసీ చెప్పిందే మీరు సాక్ష్యంగా తీసుకోవాలి. అలా చేయగలరా?" అని జడ్జిగారు అడిగారు. చేయగలనన్నాను. అప్పటికి అది సులువైన మాటే అనుకున్నాను.

కేసు ఇది. డెబ్భై దాటిన ఒక పంజాబీ పెద్దాయన, జీవితమంతా పీచ్ తోటల్లో పనిచేసినాయన, తన స్నేహితుడి కొడుక్కి 46,000 డాలర్ల చెక్కు ఇచ్చాడు. ఆ అబ్బాయి ఇక్కడే పుట్టి పెరిగాడు, ఇప్పుడు నలభై ఏళ్ళుంటాయి, లారీల వ్యాపారం. రెండో లారీ కొనడానికి ఆ డబ్బు వాడాడు. అది అప్పు అని పెద్దాయన అంటాడు. ప్రేమతో ఇచ్చింది, తిరిగి ఇవ్వాలన్న మాటే లేదు అని అతను అంటాడు. కాగితం లేదు. చెక్కు మీద ఎందుకోసమో రాసే గీత దగ్గర కూడా ఏమీ రాయలేదు. ఇద్దరూ ఒక వంటింటి బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకున్న పది నిమిషాల మాట మీద ఈ కేసంతా నిలబడి ఉంది.

అంటే మేం తేల్చాల్సింది ఒక్కటే. ఇద్దరిలో ఎవరు అబద్ధం చెప్తున్నారు?

రెండో రోజు పొద్దున పెద్దాయన బోనెక్కాడు. కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేశాడు. తర్వాత ఆ చేతిని ఎడమ చేతితో కలిపి జడ్జిగారికి దణ్ణం పెట్టి కూర్చున్నాడు. అక్కణ్ణుంచి దాదాపు మూడు గంటలు ఆయన చూపు తన ముందున్న చెక్క అంచు మీదే ఉంది. మైకు పక్కన పేపరు కప్పులో నీళ్ళు పెట్టారు. ఆ కప్పు అంచుని బొటనవేలితో తిప్పుతూ ఉన్నాడు, తాగలేదు. లాయరు ప్రశ్న అడిగితే దుబాసీ ఆయన చెవి దగ్గర చెప్పేది. ఆయన కప్పు వైపే చూస్తూ జవాబు చెప్పేవాడు. మా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

"అంత డబ్బు ఇచ్చి కాగితం ఎందుకు రాయించుకోలేదు?" అని అవతలి లాయరు అడిగింది. ఆయన తల వంచుకుని చిన్నగా నవ్వాడు. తలని అటూ ఇటూ ఆడించాడు. "వాళ్ళ నాన్న, నేను ఒకే గదిలో ఉండేవాళ్ళం" అన్నాడు. అంతే. లాయరు మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే నవ్వు, అదే మాట. నా పక్కన కూర్చున్నాయన తన నోట్‌బుక్కులో ఏదో రాసి కింద రెండు గీతలు గీశాడు.

ఆ తర్వాత జరిగింది నా జీవితంలో మర్చిపోను. ఆమె వరుసగా చిన్న చిన్న ప్రశ్నలు వేస్తోంది. అతన్ని సొంత కొడుకులా చూసుకున్నారు కదా? "హాఁజీ." దుబాసీ: అవును. అతను వ్యాపారంలో పైకొస్తే సంతోషించారు కదా? "హాఁజీ." అవును. "ఆ సంతోషంలోనే చెక్కు రాసిచ్చారు, తిరిగివ్వమన్న మాట..." అని ఆమె ఇంకా వాక్యం పూర్తి చేయలేదు, దుబాసీ చెవిలో చెప్తూనే ఉంది, పెద్దాయన "హాఁజీ, హాఁజీ" అంటున్నాడు. దుబాసీ "అవును, అవును" అంది. లాయరు మా వైపు తిరిగి ఒక క్షణం అలాగే నిలబడింది.

నాకు గుండె దడ మొదలైంది. అది మనం ఫోన్లో అవతలివాళ్ళు మాట్లాడుతుంటే "ఆఁ... ఆఁ..." అంటామే, అది. వింటున్నాను, చెప్పండి అని. ఒప్పుకుంటున్నానని కాదు. దుబాసీ తప్పు చెప్పిందనీ అనలేను, ఆ మాటకి అర్థం అవుననే. కానీ దుబాసీ చెప్పిందే సాక్ష్యంగా తీసుకుంటానని నేను మాటిచ్చాను. నాకు తెలిసింది పక్కవాళ్ళకి చెప్పకూడదు. అయితే తర్జుమాలో పొరపాటు ఉందనిపిస్తే చీటీ రాసి కోర్టు సిబ్బందికి ఇవ్వొచ్చని మొదట్లోనే చెప్పారు. రాశాను. నాలుగు వరుసలు. చెయ్యి వణికి మొదటి కాగితం చింపేసి రెండోది రాయాల్సి వచ్చింది.

జడ్జిగారు మమ్మల్ని బయటికి పంపి లాయర్లతో మాట్లాడారు. ఏం మాట్లాడుకున్నారో మాకు తెలియనివ్వరు. ఇరవై నిమిషాల తర్వాత లోపలికి పిలిచి, ప్రశ్న పూర్తయ్యాక, తర్జుమా కూడా పూర్తయ్యాకే జవాబు చెప్పమని సాక్షికి చెప్పి, ఆ ప్రశ్న మళ్ళీ అడిగించారు. చెక్కు ఇచ్చిన రోజు తిరిగివ్వమని అడిగారా?

"అడగలేదు" అన్నాడు పెద్దాయన, కప్పు వైపే చూస్తూ. "ఇచ్చిన రోజే ఎవరైనా అడుగుతారా?"

మూడో రోజు ఆ అబ్బాయి సాక్ష్యం. ఇంగ్లిష్‌లోనే చెప్పాడు. చక్కటి సూటు, నిటారుగా కూర్చున్నాడు, ప్రతి జవాబూ మా వైపు తిరిగి ఒక్కొక్కరి మొహం చూస్తూ చెప్పాడు. "అంకుల్ నన్ను కొడుకులా చూసుకున్నారు. నేను ఇప్పటికీ ఆయన్ని గౌరవిస్తాను" అన్నప్పుడు గొంతు కొంచెం బొంగురుపోయింది. వినడానికి హాయిగా ఉంది. తడబాటు లేదు.

అన్నీ అయ్యాక జడ్జిగారు చట్టం చదివి వినిపించారు. సివిల్ కేసు కాబట్టి నూటికి నూరుపాళ్ళు రుజువు అక్కర్లేదు, ఎవరి మాట నిజమయ్యే అవకాశం ఎక్కువో చూడాలి. పన్నెండు మందిలో తొమ్మిది మంది ఒప్పుకుంటే తీర్పు. సాక్షిని నమ్మాలా వద్దా అనేది ఎలా చూడాలో కూడా ఒక జాబితా ఉంది. విన్నది, చూసింది ఎంత బాగా గుర్తుంది, అబద్ధం చెప్పడానికి కారణం ఏమైనా ఉందా, ఇలా. వాటి మధ్యలో ఒకటి: సాక్ష్యం చెప్తున్నప్పుడు సాక్షి ఎలా కనిపించారు, ఎలా ప్రవర్తించారు, ఎలా మాట్లాడారు? అన్నిటితో పాటు దాన్నీ సమానంగా, మామూలుగా చదివేశారు. జ్యూరీ గదిలోకి వెళ్ళాక మొదటి రోజంతా మేం మాట్లాడుకున్నది ఆ ఒక్క దాని గురించే.

మా ఫోర్‌మన్, అంటే జ్యూరీ పెద్ద, ఒక రిటైర్డ్ ఇంజనీరు. నెమ్మదస్తుడు, మంచివాడు. తలుపు మూయగానే, మాటలు మొదలుపెట్టకముందే, ఎవరు ఎటువైపో చీటీలు రాద్దామన్నాడు. అబ్బాయి వైపు ఏడు, పెద్దాయన వైపు మూడు, ఎటూ తేల్చుకోలేనివి రెండు. ఆ రెండిట్లో ఒకటి నాది.

"నిజం చెప్పేవాడైతే ఒక్కసారైనా మన కళ్ళలోకి చూడడా?" అన్నాడు ఫోర్‌మన్. "పైగా డబ్బు గురించి అడిగితే నవ్వాడు." నా పక్కాయన నోట్‌బుక్కులో రెండు గీతలు గీసింది కూడా దాని కిందే. మరొకాయన, "ఒక్క సూటి ప్రశ్నకి సూటి జవాబు లేదు, ఎప్పుడో ఒకే గదిలో ఉన్నాం అంటాడేమిటి?" అన్నాడు.

అప్పుడు ఫోర్‌మన్ నా వైపు తిరిగి, ఎంతో మర్యాదగా అడిగాడు. "మీరూ ఇండియా నుంచే కదా. అక్కడ అది మామూలేనా?"

పదకొండు మొహాలూ నా వైపు తిరిగాయి. ఏం చెప్పను? పంజాబ్‌లో నేను ఒక్కరోజు కూడా గడపలేదు. చిత్తూరు జిల్లా పల్లెలో పెరిగినదాన్ని, ఆ పెద్దాయన ఊరికీ మా ఊరికీ రెండు వేల కిలోమీటర్లకు పైనే దూరం. నేను "మామూలే" అంటే అదొక నిపుణురాలి సాక్ష్యంలా అయిపోతుంది. ప్రమాణం చేయకుండా, ఎవరూ ఎదురు ప్రశ్న వేయకుండా చెప్పే సాక్ష్యం. అందుకే, "ఆయన గురించి నాకు తెలియదు. మా ఇంట్లో ఎలా ఉండేదో మాత్రం చెప్తాను" అన్నాను.

మా ఇంట్లో ఎలా ఉండేదంటే, రెండూ ఉండేవి. ఇది నేను అంతకుముందు ఎప్పుడూ ఆలోచించలేదు. పెరట్లో ఉట్టి మీద బెల్లం తగ్గితే మా జేజి నన్ను ముందు నిలబెట్టి "నా కండ్లలోకి చూసి చెప్పు" అనేది. అదే జేజి, మా తాత కేకలేస్తున్నప్పుడు నేను తలెత్తి చూస్తే "పెద్దోళ్ళ మొహంలోకి మొహం పెట్టి చూస్తావా?" అని వీపు మీద ఒక్కటిచ్చేది. తప్పు చేయని రోజు కూడా తల దించుకునే నిలబడేదాన్ని. నేను ఏ రోజు నిజం చెప్పానో నా చూపుని బట్టి మా జేజికి ఎప్పుడూ తెలిసి ఉండదు. బెల్లం తిన్నది ఎవరో ఆమెకి తెలిసేది నా గౌను జేబు తడిమి చూసినప్పుడే.

మాకు నిజం తేల్చుకునే దారులు వేరే ఉండేవి. మాట్లాడుతుంటే బల్లి పలికితే "సత్యం" అని నేల మీద వేలితో కొట్టేవాళ్ళం. తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేయించేవాళ్ళం. పెద్ద గొడవలైతే కాణిపాకం. మా ఊరికి దగ్గరే. అక్కడి వరసిద్ధి వినాయకుడు ప్రమాణాల దేవుడు. కోనేట్లో మునిగి తడిబట్టలతో స్వామి ముందు నిలబడి అబద్ధం చెప్తే శిక్ష తప్పదని నమ్మకం. ఒకసారి మోటారు వైరు పోయిందని ఇద్దరు రైతులు మా తాత దగ్గరికి వచ్చారు. అనుమానం ఎవరి మీదుందో అతను వాకిట్లో తల వంచుకుని నిలబడ్డాడు, తాత మొహం చూడలేదు. "కాణిపాకం పోదాం, నేను మునుగుతా" అన్నాడు. తాత అక్కడితో పంచాయితీ ముగించేశాడు. వంచిన తల ఆయనకి లెక్కలోకే రాలేదు, మునుగుతానన్న మాటే లెక్క. అతను నిజంగా తీశాడో లేదో ఈ రోజుకీ ఎవరికీ తెలియదు.

ఇక ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూసి మాట్లాడటం నేను నేర్చుకున్నది 2005లో, అమీర్‌పేటలో. అప్పటికి హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ రాలేదు, వీసాకి చెన్నై వెళ్ళేవాళ్ళం. వెళ్ళేముందు ఒక కన్సల్టెన్సీలో మాక్ ఇంటర్వ్యూలు పెట్టారు. "కిందికి చూడొద్దు, చూస్తే ఏదో దాస్తున్నావనుకుంటారు" అని రెండు కనుబొమల మధ్య ఎక్కడ చూడాలో కూడా చూపించారు. వారం రోజులు అద్దం ముందు ప్రాక్టీసు చేశాను. నేను చెప్పేవన్నీ నిజాలే, అయినా ప్రాక్టీసు చేశాను. ఈ సంగతి జ్యూరీ గదిలో చెప్పినప్పుడు ఫోర్‌మన్ చాలాసేపు ఏమీ అనలేదు.

నా తర్వాత ఒక్కొక్కరే మాట్లాడారు. అంతవరకూ నోరు విప్పని ఒకామె, పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన నల్లజాతి ఆవిడ, లూసియానాలో తన చిన్నతనం గురించి చెప్పింది. రోడ్డు మీద తెల్లవాళ్ళు ఎదురైతే కళ్ళెత్తి చూడకూడదని వాళ్ళ నాన్న నేర్పాడట. "అది మా ప్రాణాలు కాపాడటానికి నేర్పిన మర్యాద. తర్వాత ఇక్కడికొస్తే, కిందికి చూస్తావేం, ఏం దాస్తున్నావ్ అన్నారు" అంది. గొంతు పెంచకుండానే చెప్పింది. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన నర్సు, తమ ఊళ్ళో ఇబ్బందిగా ఉన్నప్పుడే ఎక్కువ నవ్వుతారని చెప్పింది. మెక్సికో మూలాలున్న ఒక కుర్రాడు, వాళ్ళ నాన్న ఇప్పటికీ యజమానితో నేల చూస్తూనే మాట్లాడతాడన్నాడు.

ఇంత జరిగాక అందరూ పెద్దాయన వైపు వచ్చేశారనుకుంటారేమో. రాలేదు, రాకూడదు కూడా. కింది చూపు అబద్ధానికి గుర్తు కాదని తేలింది గానీ నిజానికి గుర్తని తేలలేదు కదా. పైగా నాకు వేరే అనుమానం పట్టుకుని ఉంది. మా వైపు చేబదులు వేరు, పెద్ద మొత్తం వేరు. పదివేలు దాటితే అన్నదమ్ముల మధ్య కూడా ప్రామిసరీ నోటు రాయించుకుని, రెవెన్యూ స్టాంపు అంటించి, సంతకం పెట్టించి బీరువాలో దాస్తారు. మా నాయన తన బావమరిదికి ఇచ్చినప్పుడు కూడా నోటు ఉంది. అలాంటిది 46,000 డాలర్లు ఒట్టి నోటి మాట మీద అప్పిస్తారా? ఇది అప్పు కాదేమో అని నాకు గట్టిగా అనిపించింది. మిగతావాళ్ళు తమ అలవాటుతో ఆయన చూపుని కొలిచినట్టే, నేను మా ఊరి అలవాటుతో ఆయన లావాదేవీని కొలుస్తున్నానని తెలియడానికి నాకు ఒక రాత్రి పట్టింది. నన్ను "ఇండియా నుంచే కదా" అన్నప్పుడు లోపల కష్టపడ్డదాన్ని, నేనూ అదే చేస్తున్నాను.

కేసు నడిచినన్నాళ్ళూ దీని గురించి ఏమీ చదవకూడదు, ఇంట్లో కూడా మాట్లాడకూడదు. మా ఆయన అడిగినా చెప్పలేదు. అంతా అయ్యాక మాత్రం ఆగలేకపోయాను, నెల రోజులు దొరికినదల్లా చదివాను. అందులో రెండు మూడు సంగతులు ఆ గదిలో ఉన్నప్పుడే తెలిసుంటే బాగుండేదనిపించింది.

2006లో చార్లెస్ బాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త నాయకత్వంలో ప్రపంచంలోని అనేక దేశాల పరిశోధకులు కలిసి ఒక అధ్యయనం ప్రచురించారు. మొత్తం 75 దేశాలు, 43 భాషలు. అందులో 58 దేశాల్లో అడిగిన ప్రశ్న ఒకటే: ఎదుటివారు అబద్ధం చెప్తున్నారని మీకెలా తెలుస్తుంది? దాదాపు 64 శాతం మంది చెప్పిన జవాబు, చూపు తిప్పుకుంటారని. నేను ఒక్కో దేశానిది ఒక్కో నమ్మకం అయి ఉంటుందనుకున్నాను. కాదు, నమ్మకం దాదాపు అంతటా ఒక్కటే. ఎవరి ముందు ఎక్కడ చూడాలనే మర్యాదే ఊరికొకటి. ఇది చదివినప్పుడు మా జేజి గుర్తొచ్చింది. ఆమెకి కూడా రెండూ ఉండేవి కదా. ఈ నమ్మకం ఎందుకు ఇంతగా పాతుకుపోయిందంటే, అబద్ధం చెప్తే సిగ్గుపడాలని పిల్లలకి పెద్దవాళ్ళు నేర్పడం వల్ల కావచ్చని ఆ పరిశోధకులు అన్నారు. సిగ్గుపడాలి అన్నది కాలక్రమంలో సిగ్గుపడతారు అనే నమ్మకమైపోయిందన్నమాట.

మరి ఆ గుర్తు పనిచేస్తుందా? 2003లో బెల్లా డిపాలో, ఆమె సహచరులు అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కలిపి 158 రకాల గుర్తుల్ని పరిశీలించారు. చాలావాటికి అబద్ధంతో ఉన్న సంబంధం అంతంత మాత్రం. చూపు కలపడానికైతే దాదాపు ఏ సంబంధమూ కనబడలేదు. మనిషిని చూసి, మాట విని అబద్ధమా నిజమా చెప్పమంటే సగటున 54 శాతం సార్లే సరిగ్గా చెప్పగలుగుతున్నారని 2006లో బాండ్, డిపాలో కలిసి లెక్క తేల్చారు. నాణెం ఎగరేస్తేనే 50 వస్తుంది. నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం 2013లో కెనడాలో వచ్చిన పరిశోధన. సొంత భాష కాని భాషలో మాట్లాడేవాళ్ళని అబద్ధాలకోరులుగా చూడటం వైపు వినేవాళ్ళ మనసు మొగ్గుతుందని అందులో తేలింది. ఈ దేశంలో బ్యాంకులో, స్కూల్లో, పోలీసు ఆపినప్పుడు వచ్చీరాని ఇంగ్లిష్‌లో సమాధానం చెప్పుకునే మన అమ్మానాన్నలందరూ గుర్తొచ్చారు.

ఇంకొకటి కూడా. కాలిఫోర్నియాలో జ్యూరీ ఎంపికలో ఒక చట్టం ఉంది. కళ్ళలోకి చూడలేదు, వాలకం బాగాలేదు అనే కారణాలతో ఒక జ్యూరర్‌ని లాయరు తీసేయబోతే, ఆ కారణాన్ని చెల్లనిదిగానే మొదట భావించాలి. అలాంటి కారణాల వెనక జాతి వివక్ష దాక్కుంటుందని గుర్తించి చేసిన చట్టం. క్రిమినల్ కేసులకి 2022 జనవరి 1 నుంచి, సివిల్ కేసులకి 2026 జనవరి 1 నుంచి వర్తిస్తుంది. జ్యూరర్ చూపుకి ఇంత రక్షణ ఇచ్చిన చోటే, సాక్షి ఎలా కనిపించాడో చూసుకోండి అని అదే జ్యూరర్లకి చెప్తున్నారు. ఇది నాకు న్యాయంగా అనిపించడం లేదు. వంటింటి బల్ల దగ్గర కాగితం లేకుండా మాట మీద బతికే మనుషులు ఎప్పుడో ఒకప్పుడు అదే బోనులో నిలబడతారు.

మళ్ళీ జ్యూరీ గదికి వస్తే, అక్కడ రెండో రోజు పొద్దున్నే ఫోర్‌మన్‌తో అన్నాను, "మొహాలు పక్కన పెట్టి కాగితాలు చూద్దామా?" ఆయన వెంటనే సరేనన్నాడు. బ్యాంకు స్టేట్‌మెంట్లు తెప్పించుకున్నాం. అబ్బాయి ఖాతాలోంచి పెద్దాయన ఖాతాలోకి కొంత డబ్బు వెళ్ళిందని ఇద్దరూ ఒప్పుకున్నదే. మొత్తం 3,500 డాలర్లు. అప్పు తీరుస్తూ ఇచ్చిందని పెద్దాయన, మందులకి సాయంగా పంపానని అబ్బాయి. లాయర్లు మొత్తం ఎంతో చెప్పి ముందుకి వెళ్ళిపోయారు. విడివిడిగా ఎవరూ చదవలేదు.

నేను వేలు పెట్టి ఒక్కో వరుసా చదివాను. ఏప్రిల్ 1, 500. మే 1, 500. జూన్, జులై అంతే. ఆగస్టులో ఏమీ లేదు. సెప్టెంబరు 1, 1,000. అక్టోబరు 1, 500. తర్వాత ఆగిపోయింది.

సెప్టెంబరు దగ్గర నా వేలు ఆగిపోయింది. మా అమ్మ ఇరవై ఏళ్ళు చీటీలు నడిపింది. అట్ట చిరిగిన పొడుగాటి పుస్తకం, ఎర్ర ఇంకుతో గళ్ళు. ఎవరైనా ఒక నెల కట్టకపోతే ఆ గడి ఖాళీగా ఉండేది, పక్క నెల గడిలో రెండింతలు పడేది. ఆ గళ్ళు నేను చిన్నప్పుడు వందలసార్లు కూడి పెట్టాను. ఆ స్టేట్‌మెంటు అచ్చం అలాగే ఉంది.

"ఆగస్టులో మందులకి సాయం చేయలేకపోతే సెప్టెంబరులో మామూలుగా 500 పంపిస్తాం కదా. బకాయి కలిపి ఎందుకు పంపిస్తాం?" అన్నాను.

పోస్టాఫీసు ఆవిడ కాగితం తన వైపు లాక్కుని కళ్ళజోడు పెట్టుకుని చూసింది. నర్సు లేచి వెనకొచ్చి నిలబడింది. అబ్బాయి సాక్ష్యంలో ఆ డబ్బు గురించి చెప్పిన భాగం మళ్ళీ చదివి వినిపించమని కోర్టుని అడిగాం. ఆగస్టు గురించి గానీ సెప్టెంబరు గురించి గానీ అందులో ఏమీ లేదు. ఆ మధ్యాహ్నం ఓట్లు ఎనిమిది, నాలుగు. మర్నాడు పది, రెండు. పెద్దాయనకి అనుకూలంగా తీర్పు, ఇప్పటికే అందిన 3,500 మినహాయించి.

క్లర్కు తీర్పు చదువుతుంటే పెద్దాయన వైపు చూశాను. దుబాసీ చెవిలో చెప్పింది. ఆయన తల ఇంకా కిందికి వంచి రెండు చేతులూ జోడించి అలాగే ఉండిపోయాడు. అబ్బాయి మా వైపే చూస్తున్నాడు, నేరుగా. అతను అబద్ధం చెప్పాడో, తనకి తాను చెప్పుకున్న కథని నిజంగానే నమ్ముతున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. అతని కళ్ళలో నాకేమీ కనబడలేదు.

తీర్పుకి ఒప్పుకోని ఇద్దరు జ్యూరర్లలో ఒకరు ఫోర్‌మన్. కోపంగా ఏమీ లేడు. బయటికొచ్చి లిఫ్టు కోసం నిలబడ్డప్పుడు నా పక్కకొచ్చి, "ఆ వెయ్యి డాలర్ల సంగతి మీరు చెప్పింది నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు" అన్నాడు. "కానీ నాలుగు రోజులు ఎదురుగా కూర్చున్నాను. ఆయన ఒక్కసారైనా నా వైపు చూసుంటే..." అని ఆగిపోయాడు.

లిఫ్టు వచ్చింది. ఇద్దరం ఎక్కాం.